బదులు వంతు

మా ఇంట్లో ఐదు నిమిషాలంటే కుక్కరు రెండు విజిల్స్.

ఆ వారమంతా మా ఆయన పొయ్యి పక్కన నిలబడి పార్లమెంటును ఉద్దేశించి ప్రసంగించారు. మొదటి విజిల్‌కు "అధ్యక్షా" దాటి కాలువ దాకా రావాలి. రెండో విజిల్‌కు కృతజ్ఞతలు చెప్పి కూర్చోవాలి. మొదటిరోజు నాలుగు విజిల్స్ పట్టింది. బంగాళాదుంపలు గుజ్జయిపోయాయి గానీ ప్రసంగం ఉడకలేదు.

"ఇంకో రెండు నిమిషాలిస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నారు.

"నాదేం పోదు. సభాపతిగారి దగ్గర కుక్కరు లేదు, గంట ఉంది. చెప్పండి మళ్లీ, అధ్యక్షా దగ్గర్నుంచి."

ఇంత అవస్థా ఒక్క వాక్యం కోసం. ఏ కాలువ మీదైనా నీటి వంతు చివరి పొలంతో మొదలై పైకి రావాలి. అంతే. నీటి పంపకాల మీద కొత్త చట్టం సభకు వచ్చింది. అందులో పంతొమ్మిదో క్లాజుకు ఈ వాక్యాన్ని సవరణగా పెట్టడానికి మా ఆయన నోటీసిచ్చారు. వాక్యం రాసింది నేనే. న్యాయ విభాగం వాళ్లు దానికి నాలుగు కామాలు, ఒక 'తత్సంబంధిత' తగిలించి తమ సంతకం పెట్టుకున్నారు.

మా పొలం కాలువకు శివారున ఉంటుంది. శివారంటే నీళ్లు వచ్చే చోటు కాదు, నీళ్లు వచ్చినట్టు ఆఫీసు కాగితాల్లో రాసి ఉండే చోటు. నీరు పల్లమెరుగు అన్న పెద్దలెవరో గానీ శివారు రైతులు మాత్రం అయ్యుండరు. దారిలో నలభై తూములుంటే నీరు పల్లాన్నీ ఎరగదు, మమ్మల్నీ ఎరగదు.

నాకు డిగ్రీలో లెక్కలు. ఆయనకు పదో తరగతిలో లెక్కలు తప్పాయి. ఇంతకంటే ఒకరికొకరు అవసరమయ్యే సంబంధం దొరకదని మా నాన్న తేల్చేశారు. కాపురానికి వచ్చిన మొదటి ఏడు వరి పొట్ట మీద ఉంది. అంటే కంకి ఇంకా ఆకు లోపలే దాక్కుని ఉంది. అప్పుడు పది రోజులు నీళ్లు తప్పాయి. కంకులైతే బయటికొచ్చాయి, తెల్లగా, నిటారుగా. పట్నంలో పెరిగినదాన్ని, "అబ్బ, ఎంత బాగున్నాయో" అన్నాను. మా అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "తాలుగింజ తలెత్తుకునే ఉంటుందే తల్లీ. గింజ పడితే కదా వంగేది" అన్నారు. డిగ్రీ పట్టా పెట్టెలో అడుగుకి తోసేశాను.

ఆ మరుసటి ఏడు కాలువ సంఘానికి మా ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. కాలువ నిండా పూడిక, ఆ పదవి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయన చేసిన మొదటి పని వంతుల జాబితా తిరగేసి రాయడం. ఎకరాకు నలభై నిమిషాలని నేను లెక్క కట్టాను. ఆయన సంఘం గది గోడమీద సున్నంతో రాశారు. పేర్లు చివరి పొలంతో మొదలయ్యాయి.

మొదటి తూము పక్కన ముప్ఫై ఎకరాలున్న ఆసామిని అందరూ తలతూము పెద్దాయన అనేవారు. ఆయన వచ్చి గోడ చదివాడు. తల పక్కకి వంచి మళ్లీ చదివాడు.

"ఏమయ్యా, కాలవ మొదలు నా దగ్గరుంటే వంతు మొదలు నీ దగ్గరా? రాయడమే తలకిందులా, ఆలోచన కూడానా?"

"మీదేం పోదండి బాబాయ్. మాకు నీళ్లు అందితేనే మీ వంతు మొదలవుతుంది. కాలవలో పూడిక లేకపోతే గబగబా అందుతాయి."

"ఉంటే?"

"మెల్లిగా అందుతాయి. మాకు అలవాటేగా, కూర్చుంటాం."

వారం తిరక్కుండా తలతూము పెద్దాయన పంచె ఎగ్గట్టి, ఇరవైమంది కూలీల్ని పెట్టి పూడిక తీయించాడు. తీయిస్తున్నంతసేపూ మా ఆయన్ని తిట్టాడు. తిట్లకి పూడిక ఆగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మూడో ఏడు శివారున వరి వంగింది.

ఆ కాలువమీద ఇంకో పద్ధతి కూడా ఉంది. అది మా ఆయన పెట్టింది కాదు, ఎప్పట్నుంచో ఉన్నదే. బదులు వంతు అంటారు. పక్కవాడి చేను పొట్ట మీద ఉండి ఎండుతుంటే, నీ చేను ఇంకో నాలుగు రోజులు ఆగగలిగితే, నీ వంతు వాడికిచ్చేస్తావు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. నీకు అవసరమొచ్చిన రోజు వాడు తన వంతు నీకు వదిలేస్తాడు. ఇందులో ఒకటే నియమం. ఇచ్చినవాడు నోరు తెరిచి అడగకూడదు. పుచ్చుకున్నవాడే గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. అడిగించుకున్నవాడితో కాలువ మీద ఎవరూ మాట్లాడరు. అడిగినవాడితో అసలే మాట్లాడరు.

సంఘం తర్వాత జిల్లా రైతు సమాఖ్య. ఆ తర్వాత, ఇద్దరు పెద్దమనుషులు టిక్కెట్టు కోసం జుట్లు పట్టుకుంటే, ఇద్దరికీ అడ్డం కాని మనిషని పార్టీవాళ్లు ఎంపీ టిక్కెట్టు ఈయన చేతిలో పెట్టారు. మా అత్తగారు విని నవ్వారు. "ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వీడు ఇంట్లో ఎప్పుడు గెలిచాడే?" అన్నారు. నేను మర్యాదగా కాఫీ కలపడానికి వెళ్లాను. గెలిచారు. పార్టీవాళ్లకే ఆశ్చర్యమేసేంత తేడాతో గెలిచారు. శివారు భూములు లేని ఊరంటూ ఉండదని వాళ్లకి అప్పటిదాకా తోచలేదు.

రాజధానిలో మాకిచ్చిన క్వార్టరు మూడో అంతస్తు. కుళాయి తిప్పగానే నీళ్లు రావడం మా ఆయనకు అనుమానంగా ఉండేది. "ఇది ఎవరి వంతో ఏమిటో" అని గబగబా చేతులు కడుక్కుని కట్టేసేవారు. సభలో ఆయనకిచ్చిన సీటు ఆఖరి వరసలో ఆఖరిది. అక్కడా శివారే. అక్కడికి మాట్లాడే వంతు రావాలంటే, పై సీట్లన్నీ తడిసి మిగలాలి. రెండున్నరేళ్లలో మిగల్లేదు. మా అత్తగారు ఊళ్లో టీవీ ముందు కూర్చుని, నిద్రపోతున్నవాళ్లని చూపించినప్పుడల్లా వాళ్లలో కొడుకు లేడని నిర్ధారించుకుని సంతోషించేవారు.

చివరికి నీటి చట్టం వచ్చింది. ఆయనకు ఐదు నిమిషాలిచ్చారు. సవరణ గురించి సభకు వివరించడానికి అదొక్కటే అవకాశం. మర్నాడు క్లాజుల వారీగా ఓటింగు. అప్పుడు ప్రసంగాలు ఉండవు, అవునా కాదా అంతే. ఎందుకో తెలియని వాక్యానికి ఎవరు అవునంటారు? ఇరవై ఆరేళ్ల పని ఆ ఐదు నిమిషాల మీద ఆధారపడింది.

నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. చేతిసంచీ కింద తీసేసుకున్నారు. ముందుకు వంగకూడదు, చప్పట్లు కొట్టకూడదు, వేలు చూపించకూడదు. అత్తవారింట్లో మొదటివారంలా ఉంది.

సాయంత్రం ఐదున్నరకు ఆయన ముందు వంతు ప్రతిపక్షం వైపు ఒక టీచరమ్మది. ఆమె పార్టీకి ఉన్నదే ఇద్దరు సభ్యులు, ఆమెకు మూడు నిమిషాలు. మొదటిసారి మాట్లాడుతోంది. సభాపతికి నమస్కారం, నాయకులకు కృతజ్ఞతలు, ఓటర్లకు, ఉద్యోగంలో సెలవిచ్చిన హెడ్మాస్టరుకు కూడా కృతజ్ఞతలు. రెండున్నర నిమిషాలు మర్యాదకే అయిపోయాయి. ఆ తర్వాత, "మావి సముద్రం పక్క పదకొండు ఊళ్లు. బావుల్లోకి ఉప్పునీరు దిగింది. పిల్లలు బడి మానేసి బిందెలు పట్టుకుని..." అంటుండగా గంట కొట్టారు. మైకు ఆగింది. ఆమె చేతిలో ఇంకా మూడు కాగితాలున్నాయి. వాటిని చూసుకుంటూ నిలబడిపోయింది.

సభాపతి మా ఆయన్ని పిలిచారు. ఆయన లేచారు. మైకు మీద ఎర్రదీపం వెలిగింది. నేను మనసులో కుక్కరు పొయ్యి మీద పెట్టాను.

"అధ్యక్షా, ఆవిడ చేను పొట్ట మీద ఉందండి. నాది నాలుగు రోజులు ఆగుతుంది. నా వంతు ఆవిడకి ఇచ్చేస్తున్నాను" అని కూర్చున్నారు.

సభలో నవ్వులు. సభాపతి కళ్లజోడు సర్దుకున్నారు.

"సభలో అలాంటి పద్ధతి లేదండీ."

"మా కాలవ మీద ఉందండి."

నల్లకోటు కార్యదర్శి లావుపాటి పుస్తకం తిరగేశాడు. ఇవ్వచ్చని ఎక్కడా లేదు. ఇవ్వకూడదనీ లేదు. ఇటువంటి పని ఎవరైనా చేస్తారని ఆ పుస్తకం రాసినవాళ్లకి తట్టలేదు. సభకు అభ్యంతరం ఉందా అని సభాపతి అడిగారు. లేదన్నారు. టీచరమ్మ ఐదు నిమిషాలు మాట్లాడింది. ఉప్పునీళ్లు తాగిన పిల్లల గురించి సభ కిక్కురుమనకుండా విన్నది. నేను ఒక్క ముక్క వినలేదు. ఆవిడ ప్రసంగం బాగుందని మర్నాడు పేపర్లో చదివి తెలుసుకున్నాను.

పక్కసీటు పెద్దమనిషి నావైపు వంగి, "ఎవరండీ ఆయన, వంతు ఇచ్చేసినాయన?" అన్నాడు.

"తెలియదండీ" అన్నాను.

బయట వరండాలో పార్టీ విప్ గారు మా ఆయన్ని పట్టుకున్నారు. సభ్యులంతా చెప్పిన టైముకి వచ్చి చెప్పిన వైపు చెయ్యెత్తేలా చూడటం ఆయన ఉద్యోగం. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

"అది నీ టైమనుకున్నావా? పార్టీ టైము! మన నీళ్లు తీసుకెళ్లి అవతలివాళ్ల చేలో పెట్టొచ్చావు!"

"నీళ్లకి పార్టీ ఏముందండి."

"ఉందయ్యా! రేపు నీ సవరణ వంక ఒక్కడు కూడా తలెత్తి చూడడు. వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు సంగతి నన్నడక్కు."

క్వార్టరుకు వచ్చాం. కంచం పెట్టి, చప్పుడయ్యేలా గరిటె పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"ఏంటా చూపు?" అన్నారు.

"ఏం లేదు. వారంరోజుల బంగాళాదుంపలు గుర్తొచ్చాయి."

"ఆ అమ్మ నిలబడిపోయింది చూశావా, చేతిలో కాగితాలతో. మొదటి ఏడు మన చేను గట్టుమీద నువ్వూ అట్లాగే నిలబడ్డావు. ఎలా కూర్చోమంటావు చూస్తూ?"

ఇరవై ఆరేళ్ల కిందటి నా మొహం ఇలా అడ్డంగా ప్రయోగిస్తారని ఊహించలేదు. కూర మళ్లీ వడ్డించాను. అంతలో అత్తగారు ఫోన్ చేశారు.

"పన్నెండు సెకన్లు కనిపించావురా అబ్బాయ్. చొక్కా బాగుంది. వంతిచ్చావట? బదులిస్తుందా ఆవిడ?"

"ఆవిడది కాలవ లేని ఊరమ్మా. ఈ పద్ధతి తెలిసుండదు."

"అయితే చెప్పు!"

"చెప్తే అడిగినట్టే కదమ్మా" అని, ఫోను పెట్టేసి నావైపు తిరిగి, "నువ్వు కూడా అడగకూడదు" అన్నారు. నేను ఒట్టేశాను. అడగనని.

మర్నాడు పొద్దున పది గంటలకు పార్లమెంటులో ఆడవాళ్ల గదిలో చేతులు కడుక్కుంటున్నాను. పక్క కుళాయి దగ్గర టీచరమ్మ. నా మెడలో గ్యాలరీ పాసు వేలాడుతోంది. టీచర్లకు కనిపించిందల్లా చదివే అలవాటు కదా, చదివేసింది.

"అయ్యో, మీ ఆయనేనా అండీ!"

"నిన్న సాయంత్రం దాకా."

ఆవిడ నవ్వి నా తడి చెయ్యి పట్టుకుంది. "థాంక్స్ చెప్పడానికి వెతుకుతున్నానండీ. ఒక్కటి అర్థంకాలేదు. నా చేను పొట్ట మీద ఉందన్నారు. మా ఊళ్లో చేలే లేవు. ఏంటండీ దానర్థం?"

నేను అడగలేదు. అడిగింది ఆవిడ. టీచరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం నా చదువుకే అవమానం. వరికి పొట్ట ఎప్పుడొస్తుందో చెప్పాను. తాలుగింజ చెప్పాను. బదులు వంతంటే ఏమిటో చెప్పాను. పాఠం సగంలో ఆపకూడదు కాబట్టి, పుచ్చుకున్నవాళ్లు ఏం చేస్తారో, ఇచ్చినవాళ్లు ఎందుకు నోరెత్తరో కూడా చెప్పాను. ఆవిడ చేతులు తుడుచుకోవడం మర్చిపోయి విన్నది. ఇంత శ్రద్ధగల విద్యార్థిని నేను చూడలేదు.

"అయితే మీరిప్పుడు..."

"నేనేమీ అనలేదమ్మా. వ్యవసాయం గురించి మాట్లాడుకున్నాం" అని కుళాయి కట్టేశాను.

పదకొండున్నరకు పంతొమ్మిదో క్లాజు వచ్చింది. సభాపతి హడావిడిలో ఉన్నారు. మా ఆయన లేచి, "సవరణ ప్రతిపాదిస్తున్నాను అధ్యక్షా" అన్నారు. "వివరణ నిన్నటితో అయిపోయింది. ఓటింగుకు..." అని సభాపతి అంటుండగా అవతలి వైపు టీచరమ్మ లేచింది.

"అధ్యక్షా, ఈ ఓటింగులన్నీ అయ్యాక జరిగే ఆఖరి చర్చలో, మూడో పఠనంలో, మా పార్టీకి మూడు నిమిషాలున్నాయి. అవి ఇప్పుడే వాడుకుంటాను. కానీ నేను కాదు. నిన్న నాకు వంతు ఇచ్చిన సభ్యుడి చేను ఇవాళ పొట్ట మీద ఉంది. ఇది బదులు వంతు. ఆయన అడగలేదు. అడగకూడదట."

"మళ్లీ మొదలుపెట్టారా!" అన్నారు సభాపతి. కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి ఈసారి లావుపాటి పుస్తకం తీయలేదు. నిన్నటి కాగితం తీశాడు. నిన్న ఒకసారి జరిగింది కాబట్టి అది ఇప్పుడు సంప్రదాయమట.

మా ఆయన గ్యాలరీ వైపు ఒక్కసారి తలెత్తి చూశారు. నేను పైకప్పు మీద చెక్కిన పూలు లెక్కపెట్టడంలో మునిగిపోయాను.

మూడు నిమిషాలంటే విజిలుంబావు. వారమంతా బట్టీపట్టిన ఐదు నిమిషాలు ఇందులో పట్టవు. నేను ఇష్టపడి రాసిన అంకెలన్నీ ఆయన వదిలేశారు. కాగితం జేబులోంచి తీయనే లేదు.

"అధ్యక్షా, మా కాలవకి మొదట్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఇరవయ్యేళ్లు నన్ను తిట్టారు. వంతు మా చివరి నుంచి మొదలుపెట్టానని. తిడుతూనే ప్రతి ఏడూ పూడిక తీయించారు. ఆయన వంతు రావాలంటే ముందు మాకు నీళ్లందాలి కదండీ, అందుకని. పోయిన ఏడు ఆయన కాలం చేశారు. మంచం మీద ఉండి నన్ను పిలిపించి, ఈసారి శివారుకి ఎన్ని గంటల్లో అందాయిరా అనడిగారు. పదహారు గంటలన్నాను. ముందు నాలుగు రోజులు పట్టేది, ఎవరి గొప్ప అది అన్నారు. మీదే బాబాయ్ అన్నాను. ఆయన మంచివాడై చేయలేదండీ, చెడ్డవాడూ కాదు. చివరివాడికి అందితే గానీ తనకి రాదని తెలిస్తే, ఎవరైనా కాలవ బాగుచేస్తారు. ఈ వాక్యం చేసేది అంతే. నా వంతు అయిపోయింది."

గంట కొట్టాల్సిన అవసరం రాలేదు. నా చేతిగడియారంలో రెండు నిమిషాల యాభై సెకన్లు.

సభలో ఎవరో బల్ల చరిచారు. ఆ తర్వాత రెండువైపులా చరిచారు. మంత్రిగారు వెనక్కి తిరిగి అధికారులతో గుసగుసలాడి లేచి, "వీలైనంతవరకు అన్న మాట చేర్చుకుంటే ప్రభుత్వానికి అభ్యంతరం లేదు" అన్నారు. మా ఆయన లేచి, "గట్టుకి చిన్న గండి అండి అది. సరే, కాపలా కాసుకుంటాం" అన్నారు. అవునన్నవాళ్ల గొంతు హాలంతా మోగింది. కాదన్నవాళ్లెవరూ లేరు.

పక్కసీట్లో ఎవరో ఆవిడ, మొహం కూడా సరిగా చూడలేదు. ఆవిడ ఏమీ అడగలేదు.

"మా ఆయన" అన్నాను. వేలు పెట్టి చూపించాను కూడా. గ్యాలరీ కాపలాదారు వచ్చి నా చెయ్యి కిందికి దించమన్నాడు. దించాను. కాసేపయ్యాక.

బయట వరండాలో విప్ గారు మా ఆయన భుజం మీద చెయ్యేసి పత్రికలవాళ్లతో మాట్లాడుతున్నారు. "మా పార్టీలో మొదట్నుంచీ ఉన్న ఆలోచనే ఇది. నిన్న వంతిమ్మని చెప్పింది కూడా నేనే." వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు అడక్కుండానే వచ్చింది. మళ్లీ గెలిచారు. ఈసారి సీటు మూడో వరసలో. సముద్రం పక్క పదకొండు ఊళ్లకు మంచినీళ్ల గొట్టాలు వేసే కమిటీలో ఆయనా టీచరమ్మా పక్కపక్కన కూర్చుని నాలుగేళ్లు అధికారుల ప్రాణం తీశారు. మూడోసారి నిలబడమంటే మాత్రం, "నా వంతయిపోయింది, కిందివాళ్లకి వదలండి" అని పెట్టె సర్దుకుని వచ్చేశారు. కుళాయిలన్నీ కట్టేసి మరీ వచ్చారు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. మొన్న సీజను మొదట్లో, పొద్దున ఏడింటికి తూములు చూసే లస్కరు మోపెడ్ మీద వచ్చి గట్టున ఆగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఈయన ఎవరో తెలియదు.

"పెద్దాయనా, మీదే కదా చివరి పొలం? మొదటి వంతు మీదే. నాకు ఇష్టమై కాదు, చట్టమట."

"ఎవడు పెట్టాడయ్యా ఆ చట్టం?"

"ఎవడో మీలాంటివాడే అయ్యుంటాడు. పైనున్నవాళ్లంతా తెగ తిడుతున్నారు."

"తిట్టనీ. పూడిక తీస్తున్నారా?"

"ఆ, తీస్తున్నారు."

మా ఆయన పార తీసుకుని మడికట్టు తెగ్గొట్టారు. ఎర్రటినీళ్లు నురగతో, చెత్తాచెదారంతో లోపలికి దూకాయి. గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"ఒకటడగనా?" అన్నారు నీళ్ల వైపే చూస్తూ. "ఆ రోజు టీచరమ్మకి బదులు వంతు సంగతి ఎవరు చెప్పారంటావ్?"

"టీచర్లకి ఒకరు చెప్పేదేముంటుంది. చదువుకునుంటుంది."

"చేతులు కడుక్కునే దగ్గర చదువుకుందట. ఆ మధ్యాహ్నమే చెప్పేసింది నాతో."

నేను లెక్క కట్టాను. పదమూడేళ్లు. పదమూడేళ్లుగా ఈ మనిషి ఏమీ తెలియనట్టు నా చేతి అన్నం తిన్నాడు.

"మరి కోప్పడలేదేం?"

"ఎందుకు? నువ్వు అడగలేదుగా. వ్యవసాయం గురించి మాట్లాడుకున్నారంతే" అని పార మళ్లీ చేతిలోకి తీసుకుని, రెండో మడి వైపు నడిచారు. "టైము చూడు. ఎకరానికి నలభై నిమిషాలు. పైవాళ్లు కాచుకుని ఉంటారు."

చేతిగడియారం చూశాను. ఏడూ పది. ఎప్పటిలాగే ఆయన నా లెక్క కంటే రెండు నిమిషాలు ముందే మడి మారారు. పైవాళ్లకి వదిలిన ఆ రెండూ నేను లెక్కలో రాయలేదు.